పచ్చగా కనిపించిందల్లా అడవేనా? 786 కిలోమీటర్ల పైనున్న కెమెరా అసలు ఏం చూస్తుంది?

పోయిన ఏప్రిల్‌లో నేనొక తప్పు చేశా. సెంటినెల్-2 అనే యూరప్ శాటిలైట్ తీసే ఫొటోలు ఎవరైనా ఫ్రీగా చూడొచ్చని తెలిసి, ఆదివారం కూర్చుని నల్లమల అడవి మీద జూమ్ చేశా. నవంబర్ ఫొటో ఒకటి, ఏప్రిల్ ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టా. నవంబర్‌లో ముదురు ఆకుపచ్చగా ఉన్న కొండలు ఏప్రిల్‌కి మట్టి రంగులోకి మారిపోయాయి. ఇంకేం ఆలోచించలేదు. స్క్రీన్‌షాట్ తీసి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశా. "ఐదు నెలల్లో అడవి ఎలా పోయిందో చూడండి" అని కింద ఒక లైన్ కూడా రాశా.

నంద్యాల జిల్లా ఆత్మకూరులో ఉండే మా బాబాయ్ నుంచి పది నిమిషాల్లో రిప్లై వచ్చింది. "ఒరేయ్, అది అడవి పోవడం కాదు, ఆకు రాల్చడం. ఏటా ఎండాకాలం ఇంతే. వానలు పడ్డాక చూసి చెప్పు. ఆ పక్కన పచ్చగా కనిపిస్తున్నాయే, అవి అడవి కాదు, బోర్ల కింద మామిడి తోటలు."

ఒకే స్క్రీన్‌షాట్‌లో రెండు తప్పులు. మట్టి రంగులో ఉంది కాబట్టి చచ్చిపోయిందనుకున్నా. పచ్చగా ఉంది కాబట్టి అడవి అనుకున్నా. తర్వాత దీని గురించి చదువుతూ పోతే, ఈ రెండో తప్పు నాలాంటి కొత్తవాళ్లు మాత్రమే చేసేది కాదని, దేశాల లెక్కల దాకా వెళ్లే సమస్య అని అర్థమైంది. అందుకే ఈ ఆర్టికల్. రోజూ ఫోన్ కెమెరాల గురించి మాట్లాడుకుంటాం కదా, ఈసారి అడవిని చూసే కెమెరాని రివ్యూ చేద్దాం.

ముందు స్పెక్స్ చూద్దాం

సెంటినెల్-2లో మొదటి శాటిలైట్ 2015 జూన్‌లో, రెండోది 2017 మార్చిలో, మూడోది 2024 సెప్టెంబర్‌లో పైకి వెళ్లాయి. భూమికి 786 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. ఒక్కసారి దాటితే 290 కిలోమీటర్ల వెడల్పు పట్టీని స్కాన్ చేస్తాయి. రెండు శాటిలైట్లు కలిసి 5 రోజులకోసారి మళ్లీ అదే చోటికి వస్తాయి.

రిజల్యూషన్ సంగతి వింటే మనవాళ్లు నవ్వుతారు. ఒక్క పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు బై 10 మీటర్లు. మన లెక్కలో దాదాపు 120 గజాల ప్లాట్ మొత్తం ఒక్క చుక్క! అందులో రెండు మూడు పెద్ద చెట్లుంటే అవి విడివిడిగా కనిపించవు. అన్నీ కలిసిపోయి ఒక సగటు రంగు వస్తుంది. 200 మెగాపిక్సెల్ ఫోన్లు చూసిన కళ్లకి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది.

కానీ ఈ కెమెరా బలం మెగాపిక్సెల్స్‌లో లేదు, బ్యాండ్స్‌లో ఉంది. మన ఫోన్ సెన్సర్ మూడు రంగులే చూస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. సెంటినెల్-2 మొత్తం 13 బ్యాండ్లలో చూస్తుంది. వాటిలో చాలావరకు మన కంటికి కనపడని కాంతే. ఈ 13లో నాలుగు బ్యాండ్లకి 10 మీటర్ల పిక్సెల్ ఉంటే, మిగతావాటికి 20 లేదా 60 మీటర్లు.

టీవీ రిమోట్‌తో ఒక చిన్న టెస్ట్

కంటికి కనపడని కాంతి అంటే ఏంటో ఇంట్లోనే చూడొచ్చు. ఫోన్ కెమెరా ఓపెన్ చేసి, మామూలు టీవీ రిమోట్ ముందు భాగాన్ని దానికి చూపిస్తూ ఏదో ఒక బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద ఊదా రంగులో ఒక చుక్క మెరుస్తుంది. మామూలుగా చూస్తే మాత్రం ఏమీ కనపడదు. వెనక కెమెరాలో రాకపోతే సెల్ఫీ కెమెరాతో ట్రై చేయండి. అదే ఇన్‌ఫ్రారెడ్. ఫోన్ సెన్సర్‌కి దాన్ని చూసే శక్తి ఉంది, కానీ ఫొటోల్లో రంగులు పాడవకుండా కంపెనీలు ముందు ఒక ఫిల్టర్ పెట్టి దాన్ని ఆపేస్తాయి. వెనక కెమెరాల్లో ఆ ఫిల్టర్ గట్టిగా ఉంటుంది.

మన ఫోన్ పారేసే ఆ కాంతే అడవి శాటిలైట్‌కి ప్రాణం. ఎందుకంటే ఆకు దగ్గర ఒక విచిత్రం జరుగుతుంది. ఆకులోని క్లోరోఫిల్ ఎరుపు, నీలం కాంతిని తినేసి దాంతో ఆహారం తయారు చేసుకుంటుంది. ఆకుపచ్చని కొంచెం వదిలేస్తుంది కాబట్టి మనకి ఆకు పచ్చగా కనిపిస్తుంది. అయితే నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఆకుకి పనికిరాదు. ఆకు లోపల స్పాంజ్ లాంటి కణాల పొర ఉంటుంది, అది ఆ కాంతిని చెల్లాచెదురు చేసి చాలావరకు వెనక్కి పంపేస్తుంది. అంటే ఇన్‌ఫ్రారెడ్ కళ్లతో చూస్తే ఆరోగ్యంగా ఉన్న అడవి పచ్చగా కాదు, ధగధగా మెరుస్తూ కనిపిస్తుంది.

ఎన్‌డీవీఐ: ఒక్క లైన్ ఫార్ములా

ఈ విచిత్రాన్ని ఒక నంబర్‌గా మార్చేదే ఎన్‌డీవీఐ. ఫార్ములా ఇది: ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసేసి వచ్చినదాన్ని, ఆ రెండూ కూడితే వచ్చినదానితో భాగించాలి.

ఒక పిక్సెల్ ఇన్‌ఫ్రారెడ్‌లో 45 శాతం, ఎరుపులో 5 శాతం వెనక్కి పంపిందనుకుందాం. 40ని 50తో భాగిస్తే 0.8. దట్టంగా ఆకులున్నాయన్నమాట. ఇంకో పిక్సెల్ 30 శాతం, 15 శాతం పంపితే, 15ని 45తో భాగిస్తే 0.33. ఆకు తక్కువ, నేల ఎక్కువ. నీళ్లయితే సాధారణంగా సున్నా కంటే కిందికి పోతుంది.

1970ల నుంచి ఈ ఫార్ములా వాడుతున్నారు. 1972 జులైలో అమెరికా పంపిన మొదటి ల్యాండ్‌శాట్ డేటాతోనే ఇది పాపులర్ అయింది. ల్యాండ్‌శాట్ ఫొటోల్ని 2008లో అందరికీ ఫ్రీ చేశాక ఈ రంగం స్వరూపమే మారిపోయింది. 2013లో మేరీలాండ్ యూనివర్సిటీ టీమ్ 6 లక్షలకు పైగా ల్యాండ్‌శాట్ ఫొటోల్ని గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ప్రాసెస్ చేసి, 2000 నుంచి 2012 వరకు ప్రపంచంలో ఎక్కడ చెట్లు పోయాయో 30 మీటర్ల రిజల్యూషన్‌లో మ్యాప్ గీసింది. ఒక్కో ఫొటో డబ్బు పెట్టి కొనాల్సిన రోజుల్లో ఇలాంటి ప్రాజెక్ట్ ఊహకే అందేది కాదు.

ఇంతవరకు అంతా బాగుంది. ఇప్పుడు బగ్స్ దగ్గరికి వద్దాం.

మొదటి బగ్: సీజన్

నా తప్పు ఇదే. నల్లమలలో ఎక్కువ భాగం ఆకురాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది లాంటి చెట్లు నీళ్లు కాపాడుకోవడానికి ఎండాకాలంలో ఆకులు వదిలేస్తాయి. మోదుగ చెట్టయితే ఆకు లేకుండా ఎర్రటి పూలతో నిలబడుతుంది. నేను చూసిన కొండల మీద ఎన్‌డీవీఐ నవంబర్‌లో 0.7 దగ్గర ఉంటే, ఏప్రిల్‌లో 0.3 దగ్గరికి పడిపోయింది. ఒక్క చెట్టూ కొట్టకుండానే!

పరిష్కారం సింపుల్. నవంబర్‌ని నవంబర్‌తోనే పోల్చాలి, ఏప్రిల్‌ని ఏప్రిల్‌తోనే. అప్పుడు కూడా ఆ రెండేళ్లలో వానలు ఎలా పడ్డాయో చూసుకోవాలి.

రెండో బగ్: మేఘాలు

మనకి జులై నుంచి సెప్టెంబర్ దాకా శాటిలైట్ 5 రోజులకోసారి వస్తుంది, మబ్బుల్ని ఫొటో తీసుకుని వెళ్లిపోతుంది. అడవి బాగా పెరిగే నెలల్లోనే మంచి ఫొటో దొరకదు. మబ్బు నీడ పడిన చోట కూడా నంబర్లు తేడాగా వస్తాయి.

మూడో బగ్: వెయ్యి

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా నచ్చే బగ్. సెంటినెల్-2 ఫైల్‌లో రిఫ్లెక్టెన్స్‌ని 10,000తో గుణించి దాస్తారు. అంటే 45 శాతం 4500 అవుతుంది, 5 శాతం 500 అవుతుంది. 2022 జనవరి 25 నుంచి ప్రాసెసింగ్ పద్ధతి మార్చి, ప్రతి నంబర్‌కీ 1000 కలపడం మొదలుపెట్టారు. చాలా చీకటిగా ఉన్న పిక్సెల్స్‌లో నెగెటివ్ విలువలు పోకుండా ఉండటానికి ఇది చేశారు. కారణం మంచిదే, డాక్యుమెంటేషన్‌లోనూ ఉంది. కానీ అది చదవకుండా లెక్కేస్తే చూడండి: 5500లోంచి 1500 తీస్తే 4000, దాన్ని 7000తో భాగిస్తే 0.57. అదే అడవి, అదే ఆకు, ఎన్‌డీవీఐ మాత్రం 0.8 నుంచి 0.57కి పడిపోయింది. పాత పద్ధతి ఫైల్, కొత్త పద్ధతి ఫైల్ పక్కన పెట్టి గ్రాఫ్ గీస్తే 2022లో అడవులన్నీ ఒక్కసారిగా ఎండిపోయినట్టు వస్తుంది. ఎర్త్ ఇంజిన్‌లో దీన్ని సరిచేసిన హార్మనైజ్డ్ కలెక్షన్ విడిగా ఉంది, అది వాడితే ఈ గొడవ ఉండదు.

ఈ మూడు బగ్స్‌నీ కోడ్‌తో ఫిక్స్ చేయొచ్చు. నాలుగోది మాత్రం కోడ్‌తో అవ్వదు.

నాలుగో బగ్: "అడవి" అనే మాట

శాటిలైట్ ఆకుని కొలుస్తుంది. అడవి అంటే ఏంటో దానికి తెలియదు. అది మనుషులు డిసైడ్ చేసేది.

2019 ఫిబ్రవరిలో ఒక వార్త బాగా తిరిగింది: నాసా శాటిలైట్ల ప్రకారం భూమి పచ్చబడుతోంది, అందులో చైనా, ఇండియా ముందున్నాయి అని. నిజమే. కానీ ఆ స్టడీలోనే ఇంకో లెక్క ఉంది. ఇండియాలో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంట పొలాల నుంచి వచ్చింది. అడవుల నుంచి వచ్చింది 4.4 శాతమే. బోరు కింద రెండో పంట వేస్తే శాటిలైట్‌కి అది పచ్చదనమే. నా స్క్రీన్‌షాట్‌లో మామిడి తోటల కథే దేశం సైజులో జరిగిందన్నమాట.

ఇక మన అధికారిక లెక్క చూద్దాం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి అడవుల రిపోర్ట్ ఇస్తోంది. 2024 డిసెంబర్‌లో విడుదలైన రిపోర్ట్ ప్రకారం దేశంలో ఫారెస్ట్ కవర్ 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే దేశ విస్తీర్ణంలో 21.76 శాతం. ఇక్కడ ఫారెస్ట్ కవర్ అంటే నిర్వచనం ఏంటంటే, కనీసం ఒక హెక్టారు నేల, అందులో పైనుంచి చూస్తే 10 శాతం కన్నా ఎక్కువ భాగం చెట్ల కొమ్మలతో కప్పబడి ఉండాలి. ఆ నేల ఎవరిదైనా, చెట్టు ఏదైనా పర్లేదు. అంటే కొబ్బరి తోట, మామిడి తోట, పేపర్ మిల్లు కోసం పెంచిన జామాయిల్ తోట కూడా ఇందులోకి వచ్చేయొచ్చు. ఇదేం దాచిపెట్టిన విషయం కాదు, రిపోర్టులోనే రాస్తారు. దట్టమైనవి, ఓ మోస్తరువి, పలచనివి అని విడగొట్టి కూడా ఇస్తారు. కానీ హెడ్‌లైన్‌లోకి వచ్చేసరికి "అడవి పెరిగింది" అన్న ఒక్క నంబరే మిగులుతుంది.

దీంతో నష్టమేంటి? ఒక ప్రాజెక్ట్ కోసం అడవి భూమి ఇస్తే బదులుగా ఇంకోచోట మొక్కలు నాటాలనేది మన దేశంలో రూల్. దానికి 2016లో ఒక ఫండ్ చట్టం కూడా వచ్చింది. పదుల రకాల చెట్లు, తీగలు, పుట్టలు, జంతువులు, వాటి మీద బతికే చెంచుల లాంటి మనుషులు ఉన్న పాత అడవి ఒకవైపు. ఒకే రకం చెట్టు వరసగా నాటిన తోట ఇంకోవైపు. ఎన్‌డీవీఐ రెండింటికీ 0.7 ఇవ్వొచ్చు. ఏప్రిల్‌లో అయితే ఏడాదంతా ఆకుండే తోటకే ఎక్కువ మార్కులు పడతాయి! లంటానా లాంటి కలుపు పొద అడవి లోపల విపరీతంగా పాకినా మన సూచిక దాన్ని పచ్చదనంగానే లెక్కేస్తుంది. స్క్రీన్ మీద నంబర్ సరిపోతుంది, నేల మీద అడవి ఉండదు.

నిర్వచనం మార్చితే ఏమవుతుంది?

దీనికి మంచి ఉదాహరణ బ్రెజిల్. అక్కడి స్పేస్ రీసెర్చ్ సంస్థ ఇన్‌పే 1988 నుంచి ప్రోడెస్ అనే సిస్టమ్‌తో అమెజాన్‌ని లెక్కిస్తోంది. వాళ్ల రూల్ చాలా స్ట్రిక్ట్. పాత సహజ అడవిని పూర్తిగా నరికితేనే లెక్కలోకి తీసుకుంటారు. ఒకసారి నరికేశారని నమోదైన చోటు మళ్లీ అడవి లిస్టులోకి రాదు. తర్వాత అక్కడ ఏం పెరిగినా సరే, మాస్క్ చేసేస్తారు. కాబట్టి పోయిన అడవిని కొత్త తోటతో కవర్ చేసే వీలుండదు.

2004లో డెటెర్ అనే అలర్ట్ సిస్టమ్ కూడా మొదలుపెట్టారు. కొత్తగా నరికిన జాడ కనిపిస్తే పర్యావరణ అధికారులకి సమాచారం వెళ్తుంది. 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోతే, 2012లో అది 4,571కి తగ్గింది. శాటిలైట్ ఒక్కటే దీనికి కారణం కాదు. కొత్తగా రక్షిత ప్రాంతాలు ప్రకటించారు, ఫైన్లు వేశారు, అప్పులు ఆపారు. కానీ ఎక్కడికి వెళ్లాలో అధికారులకి చెప్పింది మాత్రం ఈ పిక్సెల్సే.

రంగు కాదు, ఎత్తు కొలిస్తే?

తోటకీ అడవికీ తేడా పట్టాలంటే ఆకు రంగు చాలదు, లోపలి నిర్మాణం కావాలి. దీనికి రెండు రకాల సెన్సర్లున్నాయి.

మొదటిది లైడార్. ఐఫోన్ ప్రో మోడల్స్‌లో ఉండేదే, కాకపోతే అది సుమారు 5 మీటర్ల దూరమే చూస్తుంది. నాసా 2018 డిసెంబర్‌లో పంపిన జెడై అనే లైడార్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద నుంచి దాదాపు 400 కిలోమీటర్ల కిందికి లేజర్ కొడుతుంది. నేల మీద 25 మీటర్ల గుండ్రటి మచ్చ పడుతుంది. చెట్టు పైకొమ్మని తాకిన కాంతి ముందు తిరిగొస్తుంది, నేలని తాకింది ఆలస్యంగా వస్తుంది. 20 మీటర్ల చెట్టయితే ఆ తేడా సుమారు 133 నానోసెకన్లు. ఆ మధ్యలో వచ్చే సిగ్నల్‌ని బట్టి కొమ్మలు ఎన్ని అంతస్తుల్లో ఉన్నాయో తెలుస్తుంది. ఒకే వయసు తోట సాధారణంగా ఒకటే అంతస్తు. పాత అడవిలో పై చెట్లు, కింద చిన్న చెట్లు, వాటి కింద పొదలు ఉంటాయి.

రెండోది రాడార్. మబ్బులున్నా, రాత్రయినా పనిచేస్తుంది. ఇక్కడ వేవ్‌లెంగ్త్ ముఖ్యం. సెంటినెల్-1 వాడే సుమారు 5.6 సెంటీమీటర్ల తరంగం ఎక్కువగా ఆకులు, చిన్న కొమ్మల దగ్గరే ఆగిపోతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో నాసా ఇచ్చిన ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు. అది ఆకుల్ని దాటి పెద్ద కొమ్మలు, కాండాల దాకా వెళ్తుంది. ఇస్రో ఇచ్చిన ఎస్-బ్యాండ్ రాడార్ కూడా అందులోనే ఉంది. 12 మీటర్ల యాంటెన్నాతో ప్రతి 12 రోజులకి రెండుసార్లు భూమిని చూసేలా దీన్ని డిజైన్ చేశారు. అడవిలో ఎంత కలప, ఎంత కార్బన్ ఉందో అంచనా వేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

మీరూ ట్రై చేయండి

కోపర్నికస్ బ్రౌజర్ ఓపెన్ చేసి మీకు తెలిసిన అడవిని వెతకండి. ఫోన్‌లో కన్నా ల్యాప్‌టాప్‌లో తేలిక. మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ పోర్టల్ కూడా చూడొచ్చు. ఏది వాడినా ఇవి మర్చిపోకండి:

1. సెంటినెల్-2లో ఎల్2ఏ డేటా ఎంచుకోండి. అందులో గాలి, దుమ్ము వల్ల వచ్చే తేడాల్ని సరిచేసి ఉంటారు.
2. మేఘాల లిమిట్ 10, 20 శాతం లోపు పెట్టండి.
3. వేర్వేరు సంవత్సరాల్లో అదే నెలని పోల్చండి.
4. రెండు ఫొటోలతో ఆగకండి, ఏడాది మొత్తం గ్రాఫ్ చూడండి. ఎండాకాలం పడిపోయి వానలకి లేచే గ్రాఫ్ ఆకురాల్చే అడవిది కావొచ్చు. ఏడాదంతా ఫ్లాట్‌గా ఉంటే తోట అయ్యుండొచ్చు. నేను మార్కులు తగ్గించిన ఆ ఏప్రిల్ పతనమే నిజానికి అడవిని గుర్తుపట్టే క్లూ!
5. ఎవరైనా "అడవి ఇంత పెరిగింది" అంటే ముందు వాళ్ల నిర్వచనం ఏంటో అడగండి. ఎంత శాతం కొమ్మల కప్పు? తోటలు కలిపారా?
6. షేర్ చేసే ముందు ఆ ఊళ్లో ఉన్న ఒక్క మనిషితోనైనా మాట్లాడండి.

ఆరోది నేను లేటుగా నేర్చుకున్నా. వానలయ్యాక నవంబర్‌లో మబ్బు లేని ఫొటో దొరికింది. కొండలు మళ్లీ ముదురు ఆకుపచ్చ. ఒక్క చోట మాత్రం ముందు ఏడాది నవంబర్ కన్నా విలువ బాగా తక్కువగా ఉంది. ఈసారి గ్రూపులో పెట్టలేదు, నేరుగా బాబాయ్‌కి ఫోన్ చేసి చోటు చెప్పా.

"అదా, మొన్న ఎండాకాలం నిప్పు పడింది రా అక్కడ. గడ్డి వచ్చింది కానీ చిన్న చెట్లు ఇంకా తేరుకోలేదు. సంక్రాంతికి వస్తావుగా, వెళ్లి చూద్దాంలే" అన్నాడు.

ఆ పిక్సెల్స్ కోఆర్డినేట్స్ ఫోన్‌లో సేవ్ చేసుకున్నా. శాటిలైట్ నాకు ఎక్కడ చూడాలో చెప్పింది. అక్కడ ఏముందో మాత్రం నడిచి వెళ్లి చూడాల్సిందే.